పెద్ద మోటరు వేస్తే డ్రిప్పుకు ప్రెషర్ పెరుగుతుందా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర. బోరుకు 5 హెచ్‌పీ మోటరు ఉంది, నడిచేటప్పుడు నీళ్లు 200 అడుగుల లోతులో ఉంటాయి. రెండెకరాల మిర్చికి డ్రిప్పు వేస్తే చివరి సాళ్లకు నీళ్లు అందట్లేదు. షాపాయన 7.5 హెచ్‌పీ వేసుకోమంటున్నాడు, కరెంటు ఎట్లాగూ ఫ్రీయే కదా అంటున్నాడు. పైపు దగ్గర 200 లీటర్ల డ్రమ్ము నిమిషంన్నరలో నిండుతోంది. మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. డ్రమ్ముతో కొలిచి మంచి పని చేశారు, సగం సంగతి అక్కడే తేలింది. మీకు వచ్చేది గంటకు 8 వేల లీటర్లు, అదీ పైపు మూతి తెరిచి ఉన్నప్పుడు. సాళ్ల మధ్య 4 అడుగులు, డ్రిప్పర్ల మధ్య 2 అడుగులు, ఒక్కో డ్రిప్పరు గంటకు 2 లీటర్లు అనుకుంటే ఎకరానికి సుమారు 5,400 డ్రిప్పర్లు పడతాయి, వాటికి గంటకు 11 వేల లీటర్లు కావాలి. రెండెకరాలూ ఒకేసారి విప్పితే 22 వేలు! ముందు సాళ్లే తాగేస్తుంటే చివరికి ప్రెషర్ ఎక్కడిది? అరెకరం చొప్పున వాల్వులు తిప్పి చూడండి, పైసా ఖర్చు లేదు.

అప్పటికీ అందకపోతే ఫిల్టర్‌కు ముందొకటి, వెనకొకటి ప్రెషర్ గేజీ పెట్టండి. తేడా అర కిలో (గేజీ మీద చదరపు సెంటీమీటరుకు కిలోల లెక్క) దాటిందంటే ఫిల్టర్ కడగాలి.

ఇక ఖర్చు సంగతి. 1 కిలో ప్రెషర్ అంటే నీటిని ఇంకో 10 మీటర్లు పైకి ఎత్తినట్టే. మీ బోరులో 60 మీటర్లు, డ్రిప్పుకు 15, పైపుల్లో పోయేది 10 అనుకుంటే మొత్తం 85 మీటర్లు. మోటరు, పంపు కలిపి తినే కరెంటులో 45 శాతమే పనికొచ్చినా వెయ్యి లీటర్లకు అర యూనిట్ కాలుతుంది. ఇంకో కిలో కావాలంటే 12 శాతం పెరుగుతుంది, అంతే. అదే 10 మీటర్ల బావి నుంచి తోడి 1 కిలో ప్రెషర్‌తో వదిలేవాళ్లకు ఇంకో కిలో పెంచితే ఖర్చు ఒకటిన్నర రెట్లవుతుంది. మీకు కావాల్సింది 12 శాతం అయితే షాపాయన అమ్మేది 50 శాతం ఎక్కువ హెచ్‌పీ.

కరెంటు ఫ్రీ అయినా మోటరు ఫ్రీ కాదు, లావు కేబుల్ ఫ్రీ కాదు, లోడు పెంచినట్టు కరెంటు ఆఫీసులో రాయించుకోవడమూ ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద అందరూ ఇట్లాగే పెంచుకుంటూ పోతే వోల్టేజీ పడిపోయి వైండింగులు కాలేది మన మోటర్లవే. పైగా బోరులో అంత ఊట లేకపోతే పెద్ద మోటరు నీటిమట్టాన్ని ఇంకా కిందికి దించుతుంది, అంటే ఎత్తాల్సిన దూరం ఇంకా పెరుగుతుంది.

ఇవన్నీ చూశాకా మోటరు మార్చక తప్పదనుకుంటే హెచ్‌పీ అడగకండి, 85కు ఇంకో కిలో ప్రెషర్ 10 మీటర్లు కలిపి "95 మీటర్ల ఎత్తుకు గంటకు ఎన్ని లీటర్లు ఇస్తుంది?" అని కంపెనీ చార్టు చూపించమనండి. స్టేజీలు (పంపులో ఒకదానిపై ఒకటి ఉండి నీటిని పైకి నెట్టే చక్రాలు) ఎక్కువున్న 5 హెచ్‌పీ పంపే సరిపోవచ్చు, నీళ్లు మాత్రం కొంచెం తక్కువ పోస్తుంది.