పాత పీఎస్‌పీకి వైఫై రాకపోతే పారేయకండి

"పాత పీఎస్‌పీ (సోనీ వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ పెట్టె) బయటికి తీశాను. ఇంట్లో ఫోన్లకీ టీవీకీ వైఫై బాగానే వస్తోంది, దీనికి మాత్రం కనెక్ట్ అవ్వట్లేదు. లోపల వైఫై చిప్ పోయిందా?" అని అడిగారు. పోయి ఉండకపోవచ్చండీ. మీ దాన్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, సమస్య మీ రౌటర్ సెట్టింగుల్లో ఉండే అవకాశం ఎక్కువ.

ముందు డబ్ల్యూలాన్ స్విచ్ (పీఎస్‌పీ మీద ఉండే వైఫై స్విచ్) ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. మొదటి మోడల్‌కి అది ఎడమ పక్కన ఉంటుంది, 2000, 3000 మోడళ్లకి పైన ఉంటుంది. చేతి వేలు తగిలి ఆఫ్ అయిపోతూ ఉంటుంది.

పోయిన వేసవిలో మా గుంటూరు ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. సెలవులకి వచ్చిన మేనల్లుడు బీరువాలోంచి నా పీఎస్‌పీ 3000 తీశాడు. 2010లో మొదటి జీతంతో కొన్నది. బ్యాటరీ ఉబ్బి ఉంటే తీసేసి కొత్తది తెప్పించాం. మీరు కూడా అది చూడండి, ఉబ్బినదాన్ని ఛార్జింగ్‌లో పెట్టొద్దు. స్కాన్ చేస్తే పక్కిళ్ల వైఫై పేర్లు రెండు మూడు వచ్చాయి, మాది లేదు. "మామయ్యా, దీనికి మన వైఫై కనిపించట్లేదు" అన్నాడు వాడు. ఫోన్ హాట్‌స్పాట్ పెడితే పేరు కనిపించింది కానీ కనెక్ట్ అవ్వలేదు.

నెట్ కంపెనీకి ఫోన్ చేశాం. వచ్చినబ్బాయి దాన్ని చేతిలోకి కూడా తీసుకోకుండా "పాతదైపోయింది సార్, పడేసి కొత్తది కొనండి" అన్నాడు. పోనీ రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్ చెప్పు, నేనే చూసుకుంటానంటే "అది కస్టమర్లకి ఇవ్వం సార్" అన్నాడు. నెలనెలా బిల్లు కట్టేది మనం, మన హాల్లో మన కరెంటుతో నడిచే పెట్టె అది. దాని సెట్టింగులు మనమే చూడకూడదా? ఈ పద్ధతి మారాలి.

అసలు సంగతి ఏమిటంటే, పీఎస్‌పీ 2004లో వచ్చింది. దానికి తెలిసింది 2.4 గిగాహెర్ట్జ్‌లో 802.11బి అనే పాత రకం వైఫై ఒక్కటే. రౌటర్‌ని 5 గిగాహెర్ట్జ్‌కో, 'ఎన్ ఓన్లీ' మోడ్‌కో (బి తర్వాత వచ్చిన 'ఎన్' రకం మాత్రమే పనిచేసేలా) పెడితే దానికి ఆ వైఫై ఉన్నట్టే తెలియదు. రెండో అడ్డంకి తాళం, అంటే వైఫై సెక్యూరిటీ పద్ధతి. పీఎస్‌పీ పాత పద్ధతులైన డబ్ల్యూఈపీ, డబ్ల్యూపీఏ వరకే చదవగలదు, వాటి తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ2 దానికి రాదు. ఇప్పటి రౌటర్లూ ఫోన్ హాట్‌స్పాట్‌లూ డబ్ల్యూపీఏ2 అడుగుతాయి. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కరెక్టుగా కొట్టినా లాభం లేదు.

అప్పుడు అటక మీద ఉన్న పాత రౌటర్ గుర్తొచ్చింది. అమ్మ దాన్ని ఇత్తడి బిందెల పక్కన దాచింది. కొత్త రౌటర్ లాన్ పోర్టు నుంచి దీని వాన్ (ఇంటర్నెట్ లోపలికి వచ్చే) పోర్టుకి కేబుల్ పెట్టాం. రీసెట్ చేసి, అడుగున స్టిక్కర్ మీదున్న లాగిన్‌తో లోపలికెళ్లి మోడ్ 'బి/జి మిక్స్‌డ్', సెక్యూరిటీ డబ్ల్యూపీఏ-పీఎస్‌కే చేశాను. పీఎస్‌పీలో కనెక్షన్ టెస్ట్ నొక్కగానే పచ్చ లైటు మినుకుమంది, ఐపీ అడ్రస్ వచ్చింది. వాడి కేకకి అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

మీ రౌటర్ లాగిన్ మీ దగ్గరుండి, అందులో ఈ ఆప్షన్లు ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు. 2.4లో బి మోడ్ ఆన్ చేసి, డబ్ల్యూపీఏతో గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి పెట్టుకోండి. అది బలహీనమైన తాళం, కాబట్టి పాస్‌వర్డ్ వేరేది పెట్టండి, పని అవగానే ఆపేయండి.

ఇంకో మాట. పీఎస్‌పీకి అసలు అందం ఇంటర్నెట్‌లో లేదు, అడ్‌హాక్‌లో ఉంది. రెండు పీఎస్‌పీలుంటే రౌటర్ లేకుండానే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. తమ్ముడిది కూడా తెప్పించాను, మొదట రెండూ కలవలేదు. చూస్తే నాది ఛానల్ 1లో, వాడిది 11లో ఉన్నాయి. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో రెండింటికీ ఒకే ఛానల్ పెట్టగానే కలిశాయి. ఆ నెలంతా రాత్రి భోజనాలయ్యాక డాబా మీద నేనూ మేనల్లుడూ రేసులే.

మీది ఏ మోడలో, రౌటర్ లాగిన్ మీ దగ్గర ఉందో లేదో కింద రాయండి. సెట్టింగ్ ఎక్కడుంటుందో చెప్తాను.