మార్చి 8న కవి సమ్మేళనం పెడుతున్న మేనకోడలికి

అమ్మలూ,

నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచి అదే ఆలోచన. నెల్లూరులో మార్చి 8న ఆడవాళ్ల కవి సమ్మేళనం పెడుతున్నామని, ఇప్పటికే ముప్పై మంది పేర్లిచ్చారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని అన్నావు. ఫోనులో చెప్తే సగం మర్చిపోతానని ఉత్తరం రాస్తున్నాను.

ముందు నా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటు చెప్పాలి. తొంభైల్లో మా ఊళ్లో ఇలాంటి సభే పెట్టాం. నిర్వాహకుల్లో నేనూ ఒకదాన్ని. నాలుగింటికని చెప్పి ఐదున్నరకి మొదలుపెట్టాం. సభాధ్యక్షుడు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథి, ముగ్గురూ మగవాళ్లే. స్త్రీ ఆదిశక్తి అంటూ ఒక్కొక్కరూ అరగంట మాట్లాడారు. వెనక వరసలో పక్క పల్లె నుంచి వచ్చినావిడ ఒకామె కూర్చుంది. నలభై ఏళ్లుంటాయేమో. పాల లెక్కల పుస్తకంలోంచి చింపిన కాగితం నాలుగు మడతలు పెట్టి పట్టుకుంది. ఏడు దాటాక నా దగ్గరికొచ్చి, "ఆఖరి బస్సు పోతాది మేడం, మీరే చదవండి" అని కాగితం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ పేరు పిలవాల్సిన వేళకి హాలు వాళ్లు లైట్లు తీసేస్తున్నారు. చదవలేదు.

ఇంటికెళ్లి విప్పి చూశాను. ఒకవైపు పెన్సిలుతో పాల లెక్క. రెండోవైపు పన్నెండు లైన్లు. పుట్టింటి పొలం అన్నదమ్ములదట, మెట్టినింటి పొలం ఆయనదట, రెండుచోట్లా కలుపు తీసింది మాత్రం తనేనట. అంతకు కొన్నేళ్ల ముందే, 1986లో, మన రాష్ట్రంలో ఆడపిల్లకి పూర్వీకుల ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ చట్టం వచ్చింది. కానీ అప్పటికే పెళ్లయినవాళ్లకి అది వర్తించలేదు. దేశమంతటా కూతుళ్లకి ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. చట్టం వదిలేసిన చోటు ఏమిటో ఆమె పన్నెండు లైన్లలో చెప్పింది. మేం గంటన్నర ఉపన్యాసాల్లో చెప్పలేకపోయాం.

అందుకని మొట్టమొదట టైము సంగతి చూడు. సాయంత్రం వద్దు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి ఐదుకల్లా ముగించు. దూరం నుంచి వచ్చినవాళ్లని ముందు పిలువు. పేరున్నవాళ్లు ఎలాగూ కారులో వెళ్తారు, ఆఖర్న చదువుతారు. ముఖ్య అతిథి అసలు వద్దు. శాలువాలకి, జ్ఞాపికలకి, ఫ్లెక్సీకి పెట్టే డబ్బు బస్సు చార్జీలకి, టిఫిన్లకి పెట్టు. హాలు చూడ్డానికి వెళ్లినప్పుడు స్టేజీ కంటే ముందు బాత్‌రూమ్ తలుపుకి గడియ పడుతుందో లేదో చూసుకో. పిల్లల్ని తీసుకొస్తారు, ఒక మూల చాప పరిచి కాగితాలు, రంగు పెన్సిళ్లు పెట్టు.

మైకు ఎప్పుడూ మగవాళ్ల ఎత్తుకే బిగించి ఉంటుంది. ఎంతమంది మునివేళ్ల మీద లేచి చదవడం చూశానో! దాన్ని కిందికి దించే మనిషిని పక్కనే నిలబెట్టు. కవితలు పెద్దక్షరాల్లో ప్రింటు తీయించి అట్టకి క్లిప్పు పెట్టివ్వు. ఫ్యాను గాలికి కాగితం ఎగిరితే, వణికే చేతులు ఇంకా వణుకుతాయి. చదువుతూ ఎవరికైనా గొంతు పూడుకుపోతే వెంటనే చప్పట్లు కొట్టించకు. ఆగనివ్వు. మళ్లీ తనే ఎత్తుకుంటుంది.

ఆడవాళ్ల సభే కదా, ఏం చదివినా పర్వాలేదు అనుకోకు. అది గౌరవం కాదు, దాటవేయడం. వారం ముందు ఎవరింట్లోనైనా కూర్చుని ఒకరిది ఒకరు వినండి. "అమ్మ దేవత" అని రాసుకొచ్చిన అమ్మాయిని, మీ అమ్మ నిన్న రాత్రి ఎన్నింటికి తిన్నదని అడుగు, ఏం మిగిలితే తిన్నదని అడుగు. కవిత అక్కడ మొదలవుతుంది. అలాగని యాసని మాత్రం దిద్దకు. నెల్లూరు మాట నెల్లూరు మాటలాగే వినబడాలి.

సభ మొదట్లో పావుగంట మన ముందువాళ్ల కవితలకివ్వు. సావిత్రి 'బందిపోట్లు', విమల 'వంటిల్లు', కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' చదివించు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' అని స్త్రీవాద కవితల సంకలనం వచ్చినప్పుడు ఆ పుస్తకం చేతులు మారి మారి అట్ట ఊడిపోయి నా దగ్గరికొచ్చింది. ఒంటి గురించి రాస్తే బూతన్నవాళ్లు అప్పుడు చాలామంది. కానీ అక్కడితో ఆగిపోకు. అందులో మా బతుకేదని దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు అడిగారు, అడగాల్సిందే. దళిత స్త్రీల రచనలతో గోగు శ్యామల తెచ్చిన 'నల్లపొద్దు', షాజహానా కవితల పుస్తకం 'నఖాబ్' కూడా బల్ల మీద ఉండాలి, పిలిచేవాళ్ల జాబితాలో కూడా ఆ తేడా కనబడాలి. ఆ ముప్పై పేర్లు ఒకసారి చూడు. అన్నీ రెండు మూడు వీధుల నుంచే వస్తే ఇంకా తిరగాలన్నమాట.

మీ జిల్లా సంగతి నీకు చెప్పాలా? దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుని, పాఠంలో చదివిన కథ పట్టుకుని సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అప్పుడు పాటలు కట్టి పాడిన ముసలమ్మలు ఇంకా ఉంటారు. వెళ్లి పిలువు. కాగితం లేకుండా పాడతామంటే పాడనివ్వు.

ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం. అడక్కుండా ఎవరి వీడియో తీయనివ్వకు. మొగుడు కొట్టిన సంగతి కవితలో చెప్పుకున్న మనిషి సభ అయ్యాక ఆ ఇంటికే వెళ్లాలి. వీడియో ఆమె కంటే ముందే చుట్టాల వాట్సాప్ గ్రూపుకి చేరుతుంది. మారుపేరు పెట్టుకుంటానంటే ప్రశ్నలు వేయకు. 2005 గృహహింస చట్టం గురించి చెప్పగలిగే లాయరమ్మని ఒకరిని మామూలుగా శ్రోతల్లో కూర్చోబెట్టు. ఆపదలో ఉన్న ఆడవాళ్లు ఫోను చేసే 181 నంబరు టిఫిను పొట్లం లోపల చిన్న చీటీగా పెట్టు, గోడ మీద కాదు.

నేను ఒంటిగంట బస్సుకి దిగుతాను. నన్ను స్టేజీ ఎక్కించకు, కవిత కూడా చదవను. ఆ పాల లెక్క కాగితం తెస్తున్నాను. మడతల దగ్గర చిరుగుతోంది, అక్షరాలు మాత్రం బాగానే ఉన్నాయి. కింద పేరు రాసుకోలేదు, తర్వాత ఎంత వెతికినా ఆమె దొరకలేదు. మీరే చదవండి అని నాకు చెప్పి వెళ్లింది. దూరం నుంచి వచ్చినవాళ్లని ముందు పిలవమన్నాను కదా, మొదట ఆమెని పిలువు.

నీ అత్తయ్య