అణువా, పరమాణువా? జతా, జంటా?

సందేహం: రాపిడి లేకుండా పారే పదార్థాల (సూపర్‌ఫ్లూయిడ్‌ల) మీద ఒక సైన్సు వ్యాసాన్ని అనువదిస్తూ ‘అతిశీతల అణు అతిద్రవాల్లో అసాంప్రదాయ జతలు’ అని శీర్షిక పెట్టాను. తప్పులున్నాయా?

సమాధానం: ‘అతిశీతల’ ఉంచండి. తక్కినవన్నీ మార్చాలి.

అన్నిటికన్నా ముంచేది ‘అణు’. అణుబాంబు, అణువిద్యుత్తు అని వాడీ వాడీ అణువంటే ఆటమ్ అనుకోవడం అలవాటైంది. పాఠ్యపుస్తకాల లెక్కలో ఆటమ్ పరమాణువు, మాలిక్యూల్ అణువు. మరో వ్యాసంలోనైతే చూసీచూడనట్టు పోవచ్చు. ఇక్కడ కుదరదు. లిథియం-6 వాయువును కెల్విన్‌లో కోటో వంతు దాకా చల్లార్చి, అయస్కాంత క్షేత్రాన్ని అటూఇటూ జరుపుతారు. సుమారు 832 గాస్‌లకు (గాస్ అంటే అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) దిగువన రెండేసి పరమాణువులు గట్టిగా అతుక్కుని నిజంగానే అణువులవుతాయి. ఎగువన విడిగా రెండిటినే వదిలితే అతుక్కోలేవు. చుట్టూ గుంపు ఉంది కాబట్టే తోడు కుదురుతుంది. బాగా ఎగువకు పోతే ఆ ఇద్దరి నడుమ ఇంకెన్నో పరమాణువులు ఉండేంత ఎడం. మొదటిది అణువు, రెండోది జంట. ‘అణు జంట’ అని రాశారో, రెండు అణువులు, అంటే నాలుగు పరమాణువులు కలిశాయని చదువరి లెక్కవేసుకుంటాడు.

‘జత’ అనగానే చెప్పులు గుర్తొస్తాయి: ఏది దేనికో ముందే ఖాయం. ఈ వాయువులో ఏ పరమాణువుకు ఏది తోడో వేరుచేసి చూపలేం. అందుకే ఇలా గుంపులో కుదిరే తోడుకు (కూపర్ పెయిర్) ‘కూపర్ జంట’ మేలు. క్రియగా మాత్రం ‘జతకట్టడం’ హాయిగా ఉంటుంది. ‘జంటీకరణ’ లాంటి అతుకులమాట వద్దు.

‘అతిద్రవం’ హీలియంకు చెల్లింది, అది ద్రవమే గనుక. ఇది గాలికన్నా లక్షల రెట్లు పలచని వాయువు. ద్రవాన్నీ వాయువునూ కలిపి చెప్పే మాట ప్రవాహి. అతివాహకం (సూపర్‌కండక్టర్) పక్కన ‘అతిప్రవాహి’ చక్కగా ఒదుగుతుంది. గుణం పేరు ‘అతిప్రవాహిత్వం’. ‘అతిప్రవాహిత’ అంటే ప్రవహింపజేసినది అనే అర్థం అడ్డొస్తుంది.

ఇక ‘అసాంప్రదాయ’. నామవాచకం సంప్రదాయం, విశేషణం సాంప్రదాయికం. నడుమ ‘సాంప్రదాయ’ అని ఎంతమంది రాస్తున్నా వ్యాకరణం ఒప్పదు. సంప్రదాయ + ఇతర, గుణసంధి, ‘సంప్రదాయేతర’. ఇంధన వనరుల పుణ్యమా అని ఇది పాఠకుడికి తెలిసిన మాటే. కొందరు ‘అసాధారణ’ అంటారు; నాకు నచ్చదు. అతివాహకాలను వివరించిన 1957 నాటి బీసీఎస్ (బార్డీన్-కూపర్-ష్రీఫర్) సిద్ధాంతంలోని జంటలో స్పిన్‌లు (కణాలకు సహజంగా ఉండే భ్రమణ గుణం) ఎదురెదురు, కోణీయ ద్రవ్యవేగం సున్నా: ఎస్-తరంగం. ఆ కట్టుబాటు దాటినది సంప్రదాయేతరం, అంతే. 1972లో అతిప్రవాహిగా బయటపడ్డ హీలియం-3లో ఉన్నవన్నీ కోణీయ ద్రవ్యవేగం సున్నా కాని పి-తరంగ జంటలే. అక్కడ అదే మామూలు, అసాధారణమెలా అవుతుంది?

పరమాణు వాయువుల్లో పి-తరంగం నిలవడమే కష్టం. పొటాషియం-40తో 199 గాస్‌ల దగ్గర ప్రయత్నిస్తే కలిసినవి మిల్లీసెకన్లలో విడిపోతాయి. మూడో పరమాణువు తగిలితే వెలువడే శక్తికి వాయువును పట్టి ఉంచే ఉచ్చులోంచే ఎగిరిపోతాయి. దీన్ని ‘విడాకులు’ అని చమత్కరించకండి, ‘చెదిరిపోవడం’ చాలు.

శీర్షిక ఇలా ఉంచవచ్చు: ‘అతిశీతల పరమాణు అతిప్రవాహుల్లో సంప్రదాయేతర జంటలు’. రెండు ‘అతి’లు చెవికి గుచ్చుకుంటే మొదటిదాన్ని ‘పరమశీతల’ చేయబోకండి. పక్కనే పరమాణువు ఉంది.