గని ఊళ్లో లైబ్రరీయా?

ప్రశ్న: మా తాతయ్య గరివిడి దగ్గర మాంగనీసు గనిలో పనిచేసేవారు. స్కాట్లాండులో చదువుతున్న మా అబ్బాయి వాన్‌లాక్‌హెడ్ అనే కొండ ఊరు చూసొచ్చి, అక్కడి సీసం గని కార్మికులకి 1756లోనే లైబ్రరీ ఉండేదంటున్నాడు. నమ్మొచ్చా అండీ?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: నమ్మొచ్చమ్మా. సభ్యులే చందాలేసుకుని పుస్తకాలు కొనుక్కున్నారు, పక్కనున్న లెడ్‌హిల్స్‌లోనైతే ఇంకా ముందే, 1741లో. పగలంతా సీసం రాయి తవ్వి, రాత్రి దీపం దగ్గర చదువుకోవడమంటే మాటలా! స్కాట్లాండులో అన్నిటికంటే ఎత్తున ఉన్న ఊరు మీ అబ్బాయి చూసొచ్చిన వాన్‌లాక్‌హెడే, 467 మీటర్లు (మన అరకు దానికి దాదాపు రెట్టింపు, కానీ ఆ చలి మనం తట్టుకోలేం). గనులు మూతపడ్డాయి, ఇప్పుడు మ్యూజియం. అన్నట్టు, మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది 1892లో, మీ విజయనగరం వైపే. తాతయ్యగారి పాత ఫొటోలూ జీతం చీటీలూ ఏమైనా ఉంటే పాత సామాన్లవాడికి వేసేయకండి.