చాట్స్‌వర్త్ ఫౌంటెన్ మోటారు లేకుండా ఎలా ఎగసింది? మన ట్యాంకుతో అలా చెయ్యొచ్చా?

కిటుకు ఫౌంటెన్‌లో లేదండి, వెనక కొండ మీదున్న చెరువులో ఉంది.

ఇంగ్లండ్‌ డర్బీషైర్‌లో డెవన్‌షైర్ డ్యూకుల ఇల్లు చాట్స్‌వర్త్. ఆరో డ్యూక్ 1826లో జోసెఫ్ పాక్స్‌టన్ అనే 22 ఏళ్ల కుర్రాణ్ని పెద్ద తోటమాలిగా పెట్టుకున్నాడు. రష్యా చక్రవర్తి మొదటి నికొలస్ వస్తాడని 1844లో పాక్స్‌టన్ కొండ మీద 8 ఎకరాల చెరువు తవ్వించి, పైనున్న బీడు నేలల నీళ్లు అందులోకి మళ్లించాడు. రాత్రిళ్లు కూడా దివిటీల వెలుగులో పని నడిచింది. చక్రవర్తి రానే లేదు, ఫౌంటెన్‌కి ఎంపరర్ (చక్రవర్తి) అన్న పేరు మాత్రం మిగిలింది.

చెరువు ఇంటి కంటే సుమారు 350 అడుగుల ఎత్తున ఉంది, అంటే 107 మీటర్లు. ప్రతి 10 మీటర్లకీ దాదాపు 1 బార్ (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఒత్తిడి వస్తుంది కాబట్టి ఇక్కడ 10 బార్‌కి పైనే. నష్టాలేమీ లేకపోతే నీళ్లు చెరువు మట్టం దాకా లేవాలి. పైపులో రాపిడి, పైన గాలి కొంత తినేసినా 296 అడుగులు లేచిన రికార్డుంది. తర్వాత, 1893 నుంచి 1936 దాకా, ఇంటికి కరెంటు కూడా నీటి టర్బైన్లే ఇచ్చాయి. నీటి బలం ఊరికే దొరికినా, అదే తోటలో మొక్కల కోసం పాక్స్‌టన్ కట్టిన పెద్ద గాజు మందిరం వేడికి మాత్రం బొగ్గు కావాల్సి వచ్చేది. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు దొరక్క మొక్కలు చచ్చిపోయాయి, 1920లో దాన్ని కూల్చేశారు. నాకు బాధనిపించే సంగతి అదే.

ఇక మీ ట్యాంకు. నాజిల్ (నీళ్లు చిమ్మే సన్నని మూతి) కంటే 6 మీటర్ల ఎత్తులో ఉంటే వచ్చేది 0.6 బార్. 6 మిల్లీమీటర్ల నాజిల్‌లోంచి నిమిషానికి 18 లీటర్ల దాకా పోతాయి, 1000 లీటర్ల ట్యాంకు గంటలో ఖాళీ! ఎత్తు ఇచ్చేది కొండే అయినా, ఎంతసేపు ఎగరాలో తేల్చేది చెరువు. అందుకే 8 ఎకరాలు.

అయినా పెడతానంటే అంగుళం పైపు వెయ్యండి. అరంగుళం పైపు 20 మీటర్లు లాగితే ఆ ఎత్తులో సగానికి దగ్గరగా రాపిడికే పోతుంది. ఎల్బోలు (పైపు మలుపు ముక్కలు) తగ్గించండి. పైపు మధ్యలో ఎక్కడా పైకి ఉబ్బకూడదు, అక్కడ గాలి చిక్కుకుని ధార తెగి తెగి వస్తుంది. బాల్ వాల్వ్ బదులు గేట్ వాల్వ్ పెట్టి నెమ్మదిగా తిప్పండి. టక్కున కట్టేస్తే పారే నీళ్లు ఆగిన చోట కొట్టి జాయింట్లు విడిపోతాయి. రోజూ నడపాలంటే మాత్రం కింద తొట్టి కట్టి, చిన్న సబ్‌మెర్సిబుల్ పంపుతో అవే నీళ్లు తిప్పుకోవడం మేలు.