వరుస రాత్రి డ్యూటీలు, నిద్రలేమి: గుంటూరు సోదరికి సమాధానం

సూపర్‌వైజరు లైంగిక వేధింపులపై ఆసుపత్రి అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేసిన నాటి నుంచి వరుసగా రాత్రి డ్యూటీలే వేస్తున్నారని, తోటి నర్సులు పలకరించడం లేదని, గుండె దడతో నిద్ర పట్టడం లేదని, ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలా అని మీరు అడిగారు.

అమ్మా, ముందు ఒంటి సంగతి చూసుకోండి. గుండె దడను భయం వల్లనేనని వదిలేయకుండా గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చూపించుకుని, చీటీలనూ బిల్లులనూ తేదీలవారీగా దాచండి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం పరిహారాన్ని నిర్ణయించేటప్పుడు మానసిక వేదననూ వైద్య ఖర్చులనూ కూడా లెక్కలోకి తీసుకోవాలి. (విజయవాడలో ఇలాంటి పోరాటమే చేసిన రోజుల్లో నేను బీపీ మాత్రలు మింగానే తప్ప ఒక్క చీటీ కూడా దాచలేదు.)

విచారణ సాగుతుండగానే మీరు రాతపూర్వకంగా కోరితే, మిమ్మల్ని గానీ ఆ సూపర్‌వైజరును గానీ వేరే చోటికి మార్చాలని, లేదా మామూలు సెలవులకు అదనంగా 3 నెలల వరకు మీకు సెలవు ఇవ్వాలని కమిటీ సిఫారసు చేయవచ్చు. యాజమాన్యం దానిని అమలు చేయాలి. డ్యూటీ చార్టు నకలు జతచేసి, అర్జీ అందినట్లు సంతకం తీసుకోండి. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

తోటివారి మౌనం అన్నిటికన్నా ఎక్కువగా కుంగదీస్తుంది. అయితే పిల్లల ఫీజులు, ఇంటి అప్పులు ఉన్నవారి భయాన్ని ద్రోహమని అనుకోకండి. అర్ధరాత్రి మనసు మరీ భారమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేయండి, అది ఉచితం. ఫిర్యాదు ఉపసంహరణ గురించి మాత్రం, నాలుగు రాత్రులు కంటినిండా నిద్రపోయే వరకు ఏ కాగితం మీదా సంతకం చేయకండి.