పాత కారు సందేహాలు: పదకొండేళ్లు కదలని అంబాసిడర్‌ను లేపేదెలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంట్లోవాళ్ల దగ్గర్నుంచి వచ్చిన కార్ల గురించే. చాలావాటిలో కారు తిరిగి అరిగిపోలేదు, నిలబడి పాడైంది. అందుకే మొదటి జవాబు కాస్త పెద్దదైంది.

ప్రశ్న: మా తాతగారి 1976 అంబాసిడర్ మార్క్-3 పదకొండేళ్లుగా కొట్టంలోనే ఉంది. కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే ‘టక్’ అని ఆగిపోతోంది. రెండో గేర్‌లో వేసి తోయిద్దామని మెకానిక్ అంటున్నాడు. తోయించమంటారా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దండీ. అన్నేళ్లు ఆగిన ఇంజన్‌లో పిస్టన్ రింగులు బోరుకు (సిలిండర్ లోపలి గోడకు) తుప్పుతో అతుక్కుని ఉంటాయి. తోస్తే కారు బరువంతా ఆ రింగుల మీద పడుతుంది. రింగు విరిగిందంటే బోరు గీరుకుపోతుంది. వాల్వు బిగుసుకుని ఉంటే దాన్ని తెరిచే పుష్‌రాడ్ కడ్డీ వంగుతుంది. నాలుగు రోజుల ఓపికతో అయ్యే పని ఇంజన్ మొత్తం విప్పేదాకా వెళ్తుంది.

ముందు బ్యాటరీ వైరు తీసేయండి. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో డీజిల్, ఇంజన్ ఆయిల్ సగం సగం కలిపి రెండు చెంచాలు, అంటే పది మిల్లీలీటర్లు పోయండి. రాకర్ కవర్ (ఇంజన్ పైమూత) కూడా తీసి వాల్వు కాడల మీద ఆయిల్ చుక్కలు వేయండి. మూడు రోజులు అలాగే వదిలేయండి. తర్వాత గేర్ న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని, ముందు బంపర్ దగ్గర స్టార్టింగ్ హ్యాండిల్ పెట్టి మెల్లగా తిప్పి చూడండి. వేలెడంత కదిలినా చాలు, పట్టు విడుతున్నట్టే. కదలకపోతే మళ్లీ ఆయిల్ పోసి ఇంకో రెండు రోజులు ఆగండి. హ్యాండిల్‌కు గొట్టం తొడిగి బలం మాత్రం పెంచొద్దు. వారం గడిచినా కదలలేదంటే హెడ్ (సిలిండర్ల పై భాగం) దించాల్సిందే.

ఇంజన్ తిరగడం మొదలయ్యాక రాకర్ కవర్ తీసే ఉంచి, చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పించండి. ఎనిమిది వాల్వులూ ఒక్కొక్కటిగా దిగి, మళ్లీ పైకి రావాలి. దిగినది పైకి రాకపోతే అక్కడే ఆపేయండి. దాని రాకర్ (వాల్వును నొక్కే మీట) వదులు చేసి, ఆయిల్ వేసి, చెక్కముక్క అడ్డుపెట్టి సుతారంగా తడితే వస్తుంది. ఇదొక్కటీ చూడకుండా సెల్ఫ్ కొట్టడం వల్లే చాలా ఇంజన్లు పాడవుతున్నాయి.

అప్పుడు పాత ఆయిల్ దించండి. మజ్జిగ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టు. అంటే హెడ్ కింది సీలు, అదే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. కొత్తగా 20డబ్ల్యు-50 మినరల్ ఆయిల్ సుమారు నాలుగు లీటర్లు పడుతుంది, డిప్‌స్టిక్ చూసి సరిచేసుకోండి. ప్లగ్గులు ఇంకా బిగించకుండానే కాయిల్ వైరు తీసేసి, పది పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ లైటు ఆరితే, గేజ్ ఉంటే ముల్లు లేస్తే, బేరింగులకు ఆయిల్ అందినట్టు. మీరు పోసిన ఆయిల్ ప్లగ్గు రంధ్రాల్లోంచి చిమ్ముతుంది, కాబట్టి పైన గుడ్డ కప్పి కొట్టండి.

ట్యాంకులో ఉన్న పెట్రోల్ జోలికి వెళ్లొద్దు. అది ఈపాటికి వార్నిష్ వాసన కొడుతూ ఉంటుంది, కార్బొరేటర్‌లోకి పోతే జెట్ (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం) మూసుకుపోతుంది. పంపు ఇన్‌లెట్ గొట్టాన్ని శుభ్రమైన లీటరు క్యాన్‌లో పెట్టి, కొత్త పెట్రోల్‌తో మొదటిసారి స్టార్ట్ చేయండి. క్యాన్ ఎగ్జాస్ట్‌కు దూరంగా ఉండాలి, చేతికందేటట్టు మంటలార్పే సిలిండర్ ఉండాలి. హ్యాండిల్‌తో స్టార్ట్ చేసేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల పక్కనే పెట్టండి, హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోవద్దు. ఇంజన్ ఎదురు తన్నితే బొటనవేలు విరిగిపోతుంది.

ఇంజన్ పలికింది కదా అని వెంటనే రోడ్డెక్కకండి. వీల్ సిలిండర్లలో రబ్బర్లు, బ్రేక్ గొట్టాలు అన్నీ మార్చాలి. గొట్టం పైకి బాగానే కనిపిస్తుంది. లోపల ఉబ్బి ఉంటే మాత్రం, పెడల్ వదిలినా బ్రేక్ వదలదు. రబ్బర్లను పెట్రోల్‌తో కడగొద్దు, బ్రేక్ ఆయిల్‌తోనే తుడవండి. డాట్-3 ఆయిల్ పోసి, గాలి తీసే పని మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టండి. వరుస ఇది: ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుని ఉంటే పెడల్‌ను పూర్తిగా నొక్కి, చెక్కతో ఆనించి ఒక రాత్రి ఉంచితే చాలాసార్లు విడిపోతుంది. టైర్లు గీత అరగకపోయినా పనికిరావు. 5.90-15 సైజు కొత్తవి వేయండి.

ప్రశ్న: మాది 1988 ప్రీమియర్ పద్మిని. ఎండాకాలం బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగిపోతుంది. పావుగంట ఆగితే మళ్లీ మామూలే. కాయిల్ రెండుసార్లు మార్చాం.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఈసారి ఆగినప్పుడు పార్టు మార్చే ముందు ఒక్క పని చేయండి. ఒక ప్లగ్గు విప్పి, వైరు దానికే తగిలించి, దాని ఇనుప భాగం ఇంజన్‌కు ఆనేలా పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ప్లగ్గును విప్పిన రంధ్రానికి, కార్బొరేటర్‌కు దూరంగా ఆనించాలి. నీలం రంగు స్పార్క్ గట్టిగా వస్తుంటే కరెంటు బాగున్నట్టే, తేడా పెట్రోల్ దగ్గరుంది. స్పార్క్ పసుపుగా, నీరసంగా ఉంటే కాయిల్ కంటే ముందు కండెన్సర్‌ను (పాయింట్ల దగ్గర మెరుపులు ఆపే చిన్న డబ్బీని) పట్టుకోండి. వేడెక్కినప్పుడే మొరాయించి, చల్లబడగానే పనిచేయడం దాని లక్షణం. కాయిల్‌కు కరెంటు కలిపి తెంచే పాయింట్ల ముఖాలు కాలి నల్లబడి ఉంటాయి. పది నిమిషాల్లో మార్చే చిన్న పార్టు ఇది, డ్యాష్‌బోర్డు అరలో ఒకటి ఎప్పుడూ ఉంచుకోండి.

మీరు చెప్పిన తీరు చూస్తే వేపర్ లాక్ అనిపిస్తోంది. పెట్రోల్ పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది. కారు కదలకపోతే ఆ వేడికి పంపులో, పైపులో పెట్రోల్ ఆవిరవుతుంది. పంపులోని డయాఫ్రం పొర ద్రవాన్ని తోడగలదు కానీ ఆవిరిని తోడలేదు. తడిగుడ్డ పంపు మీద, పైపు మీద ఐదు నిమిషాలు వేసి చూడండి. స్టార్టయితే సంగతి తేలినట్టే. పాత టాక్సీ డ్రైవర్లు చేసే పనే ఇది, అందులో శాస్త్రం ఉంది. శాశ్వతంగా పోవాలంటే పంపుకూ ఇంజన్‌కూ మధ్య ఉండే బేకలైట్ ముక్కను చూడండి. షెడ్డులో విప్పినప్పుడు అది తీసేసి, ఉత్త పేపర్ గ్యాస్కెట్ వేసేస్తుంటారు. పైపు ఎగ్జాస్ట్‌కు దగ్గరగా పోతుంటే పక్కకు జరిపించండి.

ట్యాంకు మూత కూడా చూడాలి. కారు ఆగగానే మూత తిప్పితే ‘స్స్’ మని గాలి లోపలికి పీల్చుకుంటే, మూతలో గాలిరంధ్రం పూడిపోయినట్టు. సన్నటి తీగతో తీయొచ్చు. వేడి మీద మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు చోక్ లాగొద్దు, యాక్సిలరేటర్ పదేపదే తొక్కొద్దు. సగం తొక్కి, అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి.

ప్రశ్న: ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోల్ మా 1968 ఫియట్ 1100 డిలైట్‌ను పాడుచేస్తుందా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఇంజన్‌ను కాదు, ముందు రబ్బరును. పాత గొట్టాలు, పంపు డయాఫ్రం మెత్తబడి పగుళ్లిస్తాయి. గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే వైటాన్ రకానివి వేయండి. పంపు కిట్ కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునేదేనా అని అడిగి కొనండి. ఇథనాల్ ట్యాంకులో అంటుకున్న పాత జిగురును కడిగి తెస్తుంది. అందుకని మొదటి రెండు మూడు ట్యాంకులు అయ్యేదాకా పారదర్శక ఫిల్టర్ పెట్టి చూస్తూ ఉండండి. పెట్రోల్-గాలి మిశ్రమం కూడా కొంచెం పలచబడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి లాగినట్టున్నా, ప్లగ్గు కొన తెల్లగా ఉన్నా సోలెక్స్ కార్బొరేటర్‌లో మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి. నెలల తరబడి కారు తీయకపోతే ట్యాంకు ఖాళీ చేయడమే మేలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చి, నీటితో కలిసి అడుక్కి దిగుతుంది, ట్యాంకు అక్కణ్నుంచే తుప్పు పడుతుంది.

ఇంకో సంగతి. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో సీసం కలిపిన పెట్రోల్ లేదు. పాత హెడ్‌లో వాల్వు సీట్లకు సీసమే మెత్తలా పనిచేసేది. మీ ట్యాపెట్ గ్యాపును (రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య సందును) ప్రతి 3,000 కిలోమీటర్లకూ చూడండి. ఎగ్జాస్ట్ వాల్వుల గ్యాపు మాత్రమే మళ్లీ మళ్లీ తగ్గుతుంటే సీటు తినేస్తున్నట్టు. హెడ్ దించినప్పుడు గట్టి సీట్లు వేయించండి.

ప్రశ్న: అంబాసిడర్ ట్యాపెట్ సెట్టింగ్ ఎన్నిసార్లు చేయించినా ‘టకటక’ పోవడం లేదు.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌కు చల్లగా ఉన్నప్పుడు గ్యాపు 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.38 మిల్లీమీటర్లు. లెక్క ‘తొమ్మిది’. రేడియేటర్ వైపు నుంచి వాల్వులకు ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు వేసుకోండి. ఎనిమిదో వాల్వు పూర్తిగా దిగినప్పుడు ఒకటోది సెట్ చేయాలి. ఆరోది దిగినప్పుడు మూడోది, నాలుగోది దిగినప్పుడు ఐదోది, ఇలా ప్రతిసారీ రెండూ కలిపితే తొమ్మిది రావాలి.

అలా చేసినా చప్పుడు పోలేదంటే రాకర్ విప్పి, వాల్వును నొక్కే దాని ముఖాన్ని గోటితో తడిమి చూడండి. వాడగా వాడగా అక్కడ వాల్వు కాడ పడ్డచోట చిన్న గుంట పడుతుంది. గ్యాపు కొలిచే ఫీలర్ గేజ్ రేకు చదునుగా ఉంటుంది కనుక ఆ గుంట పైనుంచి వంతెనలా దాటిపోతుంది. గేజ్ 15 చూపించినా అసలు గ్యాపు అంతకంటే ఎక్కువే ఉంటుంది. గేజ్‌తో ఇంకా బిగిస్తే వాల్వు కాలిపోతుంది. రాకర్ ముఖం రుద్దించడమో, కొత్తది వేయడమో చేయాలి.

ప్రశ్న: నాన్నగారి 1969 స్టాండర్డ్ హెరాల్డ్‌ను వింటేజ్ కింద రిజిస్టర్ చేయించమంటారా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని కారుకు అర్హత ఉంది. ఫారం 20తో ‘పరివాహన్’ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుం 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత ఐదేళ్లకు 5,000. ఇప్పటికే రిజిస్టరైన కారు తన పాత నంబరును ఉంచుకోవచ్చు. ‘వీఏ’ నంబర్ల సిరీస్ కొత్తగా రిజిస్టరయ్యే వాటికే. అయితే ఆ తర్వాత ప్రదర్శనకూ, ర్యాలీకీ, పెట్రోల్‌కూ, రిపేరుకూ తప్ప రోజువారీ పనులకు రోడ్డెక్కకూడదు. ఆదివారం ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని భద్రకాళి చెరువు దాకా వెళ్లే అలవాటు ఉంటే మామూలు ఆర్సీనే రెన్యూ చేయించుకోండి. మా సలహా కూడా అదే.

ఏ దారి ఎంచుకున్నా, ముందు చక్రాల కింది ట్రనియన్లు (చక్రాన్ని మోసే నిలువు కాడ కింది కొన మరలతో దిగే కీళ్లు) చూపించండి. హెరాల్డ్‌లో వాటికి గ్రీజు కాదు, 90 గేర్ ఆయిల్ పెట్టాలి. మిగతా గ్రీజు నిపుల్స్‌తో పాటు అలవాటుగా గ్రీజు కొట్టేస్తే అది ఆ కాడ మరల సందుల్లోకి దిగదు, లోపల నీరు చేరి తుప్పు పడుతుంది. ఏదో ఒక రోజు మలుపులో ఆ కాడ తెగి, ముందు చక్రం కిందకి మడతపడుతుంది. మరను విప్పి నిపుల్ బిగించి, పై సీలు దగ్గర నూనె కనిపించేదాకా పంపు కొట్టండి. ప్రతి 10,000 కిలోమీటర్లకూ, అంత తిరగకపోతే ఏటా ఒకసారి.